చేప బొమ్మ కింద నా రాత

మా అన్నయ్య బెజవాడ వన్‌టౌన్‌లో నెట్ సెంటర్ పెట్టిన ఏడాదే నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. బందరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే, చేపలు పట్టే పల్లెకారుల ఊళ్లో బడి. వారమంతా బందరులో ఒక గది తీసుకుని ఉండేదాన్ని. శనివారం బడి కాగానే బస్సెక్కి ఇంటికి వచ్చేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం జనమంతా మ్యాట్నీలకు పోయేవారు కాబట్టి అన్నయ్య దగ్గరున్న ఆరు కంప్యూటర్లలో మూడో నాలుగో ఖాళీగా ఉండేవి. అన్నం తిని, నేను వెళ్లి మూలనున్న కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని.

మొదట్లో ఏం చూడాలో కూడా తెలిసేది కాదు. ఒకరోజు ఏదో వెతుకుతుంటే ఒకాయన పేజీ తగిలింది. రోడ్ల మీద పడి ఉన్న ఒంటి చేతి తొడుగులకు ఫొటోలు తీసి, ఏ వీధిలో ఎప్పుడు దొరికిందో కింద రాసి పెట్టాడు. రెండు వందలకు పైగా ఉన్నాయి. ఇంత ఓపిగ్గా ఇంత పనికిరాని పని చేసే మనిషి ఉంటాడని నాకు అంతవరకు తెలియదు. ఆ రోజు నుంచి అలాంటివే వెతకడం మొదలుపెట్టాను. మాడిపోయిన వంటలను గాజు పెట్టెల్లో దాచుకున్న ఆమె, కోళ్లకు స్వెటర్లు అల్లేవాళ్లు, మనిషి ముఖంలా ఉన్న బంగాళాదుంపలు. అప్పట్లో ఒక్కో బొమ్మ పైనుంచి కిందికి వేలెడు వేలెడుగా దిగేది. సగం దిగాక లైను పోతే ఆ కింద ఏముందో తెలియక వారమంతా అదే ఆలోచన.

నచ్చినవాటిని అన్నయ్య చేత రంగుల్లో ప్రింటు తీయించేదాన్ని. మా నాన్నది బైండింగ్ షాపు. కాలేజీ రికార్డులు, లాయర్ల పుస్తకాలు కుట్టేవాడు. నా కాగితాలన్నీ చూసి, "ఇవేం పిచ్చి బొమ్మలే!" అంటూనే నీలం క్యాలికో గుడ్డ అట్టతో పుస్తకంలా కట్టి ఇచ్చాడు. కొత్త కాగితాలు చేర్చుకోవడానికి వీలుగా తాడు ముడి పెట్టాడు.

ఆ పుస్తకాన్ని బడికి తీసుకెళ్లేదాన్ని. శనివారం చివరి పీరియడు ఏడో తరగతి పిల్లలకు అదే పాఠం. ఒక్కో బొమ్మ కింద పిల్లల కోసం నా చేత్తో తెలుగులో ఒకటి రెండు వాక్యాలు రాసేదాన్ని. నవ్వించాలని కొంచెం అబద్ధం కలిపేదాన్ని కూడా.

అందులో ఒక చేప ఉంది. ముసలివాడి ముఖం, మనిషి పళ్లు, పొట్ట కింద రెండు కాళ్లు. ఎవరో చచ్చిన జంతువుల ముక్కలు కలిపి కుట్టిన బొమ్మ అది. ఆ సంగతి ఆ పేజీలోనే ఇంగ్లీషులో ఉంది. దాని కింద నేను రాసింది ఇది: "ఇది మన సముద్రంలోనే దొరికింది." తరువాతి లైనులో, "హోంవర్కు చేయని పిల్లల ఇళ్లకు నడిచి వస్తుంది, జాగ్రత్త!"

పిల్లలు అరిచి గోల చేశారు. చాలా రోజులు హోంవర్కు ఎగ్గొట్టినవాడల్లా క్లాసులో 'చేప బావ' అయ్యాడు. అది 2003 సంగతి.

మరుసటి ఏడాది డిసెంబరులో సముద్రం ఊరి మీదికి వచ్చింది. ఆదివారం కాబట్టి నేను బెజవాడలో ఉన్నాను. సునామీ అన్న మాట ఆ రోజే మొదటిసారి విన్నాను. మా బడి ఊళ్లో ప్రాణాలు దక్కాయి గానీ పడవలు విరిగాయి, వలలు కొట్టుకుపోయాయి. చుట్టుపక్కల ఊళ్లలో పోయినవాళ్లున్నారు. నేను తిరిగి వెళ్లేసరికి బడి నేలంతా ఒండ్రు పేరుకుని ఉంది. పిల్లలు ఆడుకుంటూ ఆడుకుంటూ ఆగి సముద్రం వైపు చూసేవాళ్లు.

జనవరిలో ఒక పొద్దున బందరు బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. తలల మీదుగా చూశాను. గోడకు ఒక జిరాక్సు కాగితం అంటించి ఉంది. నల్లగా మసిబారిన చేప బొమ్మ. పైన స్కెచ్ పెన్నుతో లావుగా "సునామీలో శవాలు తిన్న చేప". కింద, "ఇది మన సముద్రంలోనే దొరికింది." రెండో లైను జిరాక్సులో తెగిపోయింది.

ఆ రాత నాది. నా 'మ', నా 'ద్ర' ఒత్తు. పక్కన ఎవరో, "మొన్న బందరు కోట రేవులో దొరికిందంట," అంటున్నారు. ఇంకొకాయన, "మా బావమరిది కళ్లారా చూశాడు," అన్నాడు. నేను తల మీది చున్నీ ముందుకు లాక్కుని బస్సెక్కాను.

బడికి చేరగానే బీరువా తీసి పుస్తకం చూశాను. చేప కాగితం ఉంది. మరి జిరాక్సు ఎలా బయటికి పోయింది? అప్పుడు గుర్తొచ్చింది. అర్ధసంవత్సర పరీక్షలప్పుడు మా లెక్కల మాస్టారు, పుస్తకం ఇంట్లో పిల్లలకు చూపిస్తానని రెండు రోజులు తీసుకెళ్లాడు. ఆయనది చల్లపల్లి. ఇంటర్వెల్లులో ఆయన్ను పక్కకు పిలిచి అడిగాను.

ఆయన అటూ ఇటూ చూశాడు. "సరదాకి మూడు కాపీలు తీయించానండీ. మా అత్తగారి వాళ్లకి ఇచ్చాను. అప్పటికి సునామీ ఎక్కడుంది మేడమ్?"

"ఇప్పుడేం చేద్దాం మాస్టారూ?"

"ఏం చేయొద్దు. అది మీ చేతిరాతని ఎవరికి తెలుసు? మీరు ఊరికి కొత్త. పైగా..." అని ఆగి, నా చున్నీ వైపు చూసి, గొంతు తగ్గించాడు. "తప్పుగా అనుకోకండి. పేరు చూసి మాట్లాడేవాళ్లు కూడా ఉంటారండీ. ఊరుకోండి. నెల పోతే వాళ్లే మర్చిపోతారు."

మేం ముస్లింలమని గుర్తుచేశాడు. ఆయన అన్నదాంట్లో ద్వేషం లేదు. నాకోసమే భయపడ్డాడు. కానీ ఆ మాట విన్నాక నాకు ఇంకా భయం వేసింది. ఊరుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం బందరు బస్సు కోసం నిలబడ్డాను. నా క్లాసులో ఒక అమ్మాయి తల్లి అదే బస్సులోంచి దిగింది. రోజూ చేపల గంపతో బందరు బజారుకు పోయే మనిషి. గంప నిండుగానే ఉంది.

"ఏంటమ్మా, అమ్ముడుపోలేదా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఎవురు కొంటారు పంతులమ్మా? గంప దించితే ముక్కు మూసుకుని పోతన్నారు. శవాలు తిన్న చేపలంట. ఇయ్యి చెరువు చేపలు తల్లీ అంటే కూడా ఇనట్లా. ఆ బొమ్మ చూశారా మీరు?"

"చూశాను."

"మా ఊరి నీళ్లలో అట్టాంటిది నా తాత కాలంలో కూడా ఇనలేదు. కాయితం మీద అచ్చేశారు కదా, నిజమే అయ్యుంటది. మా ఇంటాయన ఆ బొమ్మ చూసినకాడ్నించి పడవ మాటెత్తట్లా." గంప నెత్తికెత్తుకోబోయి నా వైపు చూసింది. "మీరు సదువుకున్నోళ్లు. అది నిజమేనంటారా?"

చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాను. బస్సు హారను కొట్టింది. "రేపు మాట్లాడదామమ్మా," అని ఎక్కేశాను. కిటికీ పక్కన కూర్చుని వెనక్కి చూడలేదు. ఆ పిరికితనం నాకు ఈ రోజుకీ గుర్తుంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు చెప్పారు: తుఫాను షెల్టరు దగ్గర పెద్దలు కూర్చున్నారని. మిగిలిన పడవలు వేటకు వెళ్లాలా వద్దా అని మాట. ఆ చేప అపశకునమనీ, గంగమ్మకు కోపం తగ్గేదాకా నీళ్లలో కాలు పెట్టకూడదనీ కొందరు పట్టుబట్టారట. మసిబారిన ఆ జిరాక్సులో పిల్లలు కూడా తమ చేప బావను పోల్చుకోలేదు. ఒక పిల్ల, "మా నాన్న ఇంక ఎప్పుడూ ఏటకి పోడంట టీచర్," అంది.

లెక్కల మాస్టారుకు నా క్లాసు చూడమని చెప్పి, బీరువాలోంచి నీలం పుస్తకం తీశాను. ఆయన గుమ్మం దాకా వచ్చాడు. "మేడమ్, ఆలోచించండి. నేను జిరాక్సు తీయించానని మాత్రం..."

"మీ పేరు చెప్పను," అన్నాను.

షెల్టరు నీడలో యాభై అరవై మంది ఉంటారు. ఆడవాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. నన్ను చూసి మాటలు ఆగాయి. కులపెద్ద, తెల్లమీసాల మనిషి, "ఏందమ్మా పంతులమ్మా, బళ్లో ఏమన్నా జరిగిందా?" అన్నాడు.

"లేదండీ. ఆ చేప బొమ్మ నాది."

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. "కంప్యూటర్లో దొరికిన బొమ్మ. పిల్లల్ని నవ్వించడానికి కింద నేనే రాశాను, మన సముద్రంలో దొరికిందని. అబద్ధం రాశాను. అది ఎలాగో బయటికి పోయింది."

ఒక కుర్రకారు గుంపులోంచి, "రుజువేంటి?" అని కేక వచ్చింది. ఇంకొకడు లేచి, "ఎవరో రాయమంటే రాశావా? మా మీద పగేంటి నీకు?" అన్నాడు. అతనలా అనగానే చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. మాస్టారు చెప్పిన భయం ఇదేనని తెలిసిపోయింది. పరిగెత్తాలనిపించింది.

కులపెద్ద చెయ్యెత్తి వాళ్లను ఆపి, ఎవరి దగ్గరో మడతపెట్టి ఉన్న జిరాక్సు తెప్పించాడు. "ఇదే మాట ఇక్కడ రాయి," అని షెల్టరు గోడ చూపించాడు. సంచిలో సుద్దముక్క ఉంది. రాశాను. చదువు వచ్చిన ఇద్దరు కాగితాన్ని గోడకానించి అక్షరం అక్షరం పోల్చారు. "అదే రాత," అన్నారు.

అప్పుడు పుస్తకం తెరిచి అసలు కాగితం చూపించాను. కింద మూలన కంప్యూటరు దానంతటదే అచ్చు వేసిన తేదీ ఉంది. సునామీకి ఏడాది ముందుది. ఆ సంగతి చెప్పినా చాలామంది ముఖాల్లో మార్పు లేదు. తేదీ ఎవడైనా వేసుకోవచ్చు కదా అన్నట్టు చూశారు.

వెనక గోనె మీద కూర్చున్న ఒక ముసలాయన, "ఇటు తే," అన్నాడు. వేటకు పోవడం మానేసి చాలా ఏళ్లయిన మనిషి, వలలు బాగుచేసి ఇస్తుంటాడు. కాగితాన్ని చేయి చాచినంత దూరం పెట్టుకుని చాలాసేపు చూశాడు. అందరూ ఆయన వంకే చూస్తున్నారు.

"దీనికి మొప్పలేయి?" అన్నాడు.

బొమ్మ మెడ దగ్గర వేలు పెట్టి చూపించాడు.

"తోక సొర పిల్లది. ఈ రెక్క చందువ చేపది, అదీ తిరగేసి కుట్టాడు. ఇట్టాంటి రెక్కతో ఈదితే బోర్లా పడుద్ది. ఇదిగో, దారం కనపడతంది." కాగితాన్ని పక్కవాడి చేతిలో పెట్టాడు. "జిరాసు నల్లగా ఉండి ఏం తెలియలా. ఇది చేపా ఏందిరా? మీరందరూ ఏటగాళ్లేనా?"

కాగితం చేతులు మారింది. ఒకతను దారం కుట్లు చూపించాడు, ఇంకొకతను కోతి మూతి అన్నాడు. ఎవరో నవ్వారు. నవ్వు పాకుతుందనుకుని నేను ఊపిరి పీల్చుకునేలోపు మెట్ల మీదినుంచి ఆ చేపలమ్మే ఆమె లేచి వచ్చింది.

"నిన్న నిన్ను అడిగితిని కదా," అంది. నిన్నటిదాకా 'మీరు' అన్న మనిషి.

"అడిగావమ్మా. భయపడి చెప్పలేదు. నన్ను క్షమించు."

"పది దినాలు నా గంప ఎవురూ ముట్టలా. చేపలు తీసకపోయి ఇసకలో పూడ్చా. నీకది నవ్వులాట."

ఆమె గోడ మీది నా రాతను చూపించింది. "ఇక్కడ చెబితే మాకు తెలిసింది. కొనేవోళ్లకి ఎవురు చెబుతారు? రేపు నాతో బజారుకి రా."

మర్నాడు శనివారం. సెలవు పెట్టాను. పొద్దున్నే ఆమెతో కలిసి చేపల బజారుకు వెళ్లి గంప పక్కన నిలబడ్డాను. పుస్తకం తెరిచి పట్టుకుని, వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాను: ఈ రాత నాది, ఇది అబద్ధం, ఇది కుట్టిన బొమ్మ. కొందరు ఆగి విన్నారు. కొందరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఒకావిడ, "చేపలమ్మడానికి కొత్త ఎత్తు," అనేసి పోయింది. ఇంకొకావిడ, "నువ్వు తింటావా మరి?" అని నిలదీసింది. "తింటానండీ," అని అక్కడే రెండు చేపలు కోయించుకుని సంచిలో వేసుకున్నాను. అది చూసి ఆవిడ కూడా రెండు తీసుకుంది. మధ్యాహ్నానికి గంపలో సగం తరిగింది. అది నా మాటల వల్లో, చేపలు తినక జనాలకు నాలుక చచ్చిపోయినందువల్లో నాకు తెలియదు.

వెనక్కి వస్తూ బస్టాండు దగ్గర గోడ మీది కాగితం చింపేశాను. టీ కొట్టు ఆయన గయ్యిమన్నాడు. "ఏం పనమ్మా అది? దాన్ని చూడ్డానికే జనం వస్తన్నారు!" సంగతంతా చెప్పాను. తాపీగా విని, "పోనీ ఇంకో బొమ్మ ఏదన్నా ఉందా మీ దగ్గర?" అని అడిగాడు.

ఆ తరువాతి వారం పడవలు నీళ్లలోకి దిగాయి. బజారు కుదుటపడడానికి నెల పైనే పట్టింది. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, చదువు చెప్పమంటే ఇవేంటమ్మా అన్నారు, అంతటితో వదిలేశారు. శనివారం చివరి పీరియడులో మళ్లీ లెక్కలే నడిచాయి. లెక్కల మాస్టారు చాలా రోజులు నా కళ్లలోకి చూడలేదు.

ఏప్రిల్లో ప్రోగ్రెస్ కార్డుల మీద తల్లిదండ్రుల సంతకాలు తీసుకుంటున్నాం. ఆ చేపలమ్మే ఆమె కూతురితో పాటు వచ్చింది. పిల్ల బాగా చదివింది, క్లాసులో రెండో స్థానం. కార్డు ముందు పెట్టి మార్కులన్నీ చదివి వినిపించాను. వేలిముద్ర కోసం ఇంకు ప్యాడ్ జరిపాను.

ఆమె బొటనవేలు ప్యాడ్ మీద పెట్టలేదు. "ఇందులో మీరు రాసిందంతా నిజమేనా?" అని అడిగింది. ఎగతాళి కాదు. తెలుసుకోవడానికే అడిగింది.

"నిజమేనమ్మా," అన్నాను.

ఆమె కార్డు తీసుకుని బయటికి వెళ్లింది. వరండాలో లెక్కల మాస్టారు కనిపిస్తే ఆయన చేత మరోసారి మొదటినుంచీ చదివించుకుంది. తరువాత లోపలికి వచ్చి వేలిముద్ర వేసింది.