నలభయ్యో నెంబరు అద్దం

రాగి బంబు కోసం రెండేళ్లు కూడబెట్టిన డబ్బుతో మా ఆయన కెమెరా కొనుక్కొచ్చాడు. ఆ చలికాలమంతా ఇంట్లో అందరం చన్నీళ్లే పోసుకున్నాం. షోలాపూరులో మాఘమాసం పొద్దున చన్నీళ్లు పోసుకోవడం ఎలా ఉంటుందో మీకు తెలియకపోతే మీ పుణ్యం. బంబు ఉంటే కింద రెండు కట్టెలు పెడితే చాలు, ఇంటిల్లిపాదికీ వేడినీళ్లు. కెమెరాతో ఏం చేస్తావని మా అత్తమ్మ రోజూ నీళ్లు పోసుకుంటూ గట్టిగా అడిగేది.

నిజం చెప్పాలంటే తప్పు ఆయన ఒక్కడిదే కాదు. ఆ కెమెరా కొనడానికి కారణం నేనే.

మాది నేత ఇల్లు. దారానికి రంగులద్దడం, కండెలు చుట్టడం నా పని. చుడుతూ చుడుతూనే ఒక చీర అంచు ఊహించాను. గోధుమగింజంత పువ్వు, పక్కన వాలిన ఆకు, మళ్లీ పువ్వు. అంతా కలిపి అర అంగుళం లోపే. గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి ఇస్తే మా మామ మగ్గం మీద మూరెడు నేసి చూపించాడు. ఆయన పొగడ్తలు చెప్పే మనిషి కాదు. రెండుసార్లు తడిమి ఊరుకున్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అంతకు ముందు ఏడు కూడా ఒక అంచు ఊహించాను. జానెడు ముక్క బజారులో ఒక వ్యాపారికి చూడమని ఇచ్చాం. పదిహేను రోజులు తిరక్కుండానే మా గల్లీలో ప్రతి మగ్గం మీదా అదే అంచు. నేత తెలిసినవాడికి ముక్క దొరికితే చాలు, పోగులు ఊడదీసి లెక్కపెట్టుకుంటాడు. అంచు మగ్గమెక్కించినవాడి పేరు మీద నడవడం మావాళ్ల ఆనవాయితీ కనుక, పరామర్శలన్నీ మామకే వచ్చాయి. నన్ను అడిగినవాడు లేడు. నేను ఒక్కదాన్నే రంగు గోలెం చాటున కూర్చుని ఏడ్చాను.

అందుకే ఈసారి గుడ్డ గడప దాటడానికి వీల్లేదని పట్టుబట్టాను. పుణె వ్యాపారి ఒకడు కొత్త అంచులు వెతుకుతున్నాడు, కానీ ఏదో ఒకటి చూడందే రైలెక్కనని రాశాడు.

"గుడ్డ సూపియ్యకుంట అంచెట్ల అమ్ముతవ్ పిల్లా?" అన్నాడు మామ.

"ఫోటో తీసి పంపుదం నాయినా. ఫోటోల పోగులెవడు ఊడదీస్తడు?" అన్నాడు మా ఆయన. పెళ్లయ్యాక ఆయన నోట వచ్చిన మొదటి తెలివైన మాట అదేనని నేను కూడా మురిసిపోయాను.

బజారులో రెండు రకాల కెమెరాలు ఉన్నాయట. ఒకటి ముందుకు సాగే తోలుతిత్తి ఉన్నది. చీమను కూడా దగ్గర నుంచి తీస్తుంది, కానీ దాని ధరకు మగ్గం వస్తుంది. రెండోది నల్ల డబ్బా. మా బంబు డబ్బుకు డబ్బానే వచ్చింది. ఆరడుగుల కంటే దగ్గర పెట్టవద్దని దుకాణదారు చెప్పాడట. మా ఆయన డబ్బు లెక్కపెడుతూ ఆ మాట వినలేదట. ఆరడుగుల దూరం నుంచి నా పువ్వు దోమకన్నా చిన్నది.

మళ్లీ దుకాణానికి పరుగెత్తితే, కెమెరా కంటి ముందు ఒక భూతద్దం పెట్టుకుంటే సరిపోతుందన్నాడు. అది కూడా కొత్తది కొనే స్తోమత లేదు. మంగళవారం బజారులో ట్రంకు పెట్టె తెరిచి కళ్లద్దాలు అమ్మే ముసలాయన దగ్గరికి పోయాం. అద్దాలకు నెంబర్లుంటాయని తెలిసి మామ కూడా బయలుదేరాడు. నెంబరున్న సరుకేదీ ఆయన చూడకుండా మా ఇంట్లోకి రాదు.

"నజ్‌దీక్, బాగా దగ్గర చూడాలంటే ఐదో నెంబర్ తీసుకోండి," అన్నాడు ముసలాయన.

మామ మొహం ఎర్రబడ్డది. "ఐదా? ఐదో నెంబరు గోనెపట్టలకు పోతది. మేం సన్న పని చేసెటోళ్లం. నలభై ఉన్నదా?"

"ఉంది. కానీ దాంట్లో ఏం కనబడదు, భాయ్."

"నీ గోనె అద్దం నువ్వే పెట్టుకో. నలభై తియ్యి."

మాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన సత్యం ఒక్కటే: నెంబరు పెరిగితే దారం సన్నం, సన్నమైతే మేలు. ఆ పెట్టెలో అద్దాల లెక్క తలకిందులు. నెంబరు పెరిగేకొద్దీ అద్దం చేవ తగ్గుతుంది. ముసలాయన తల పట్టుకుని నలభై ఇచ్చాడు. అది కిటికీ అద్దానికి తమ్ముడు. మేం మాత్రం పట్టుబట్ట కొన్నంత దర్జాగా ఇంటికొచ్చాం.

ఫోటో కడిగించి తెస్తే అందులో పువ్వూ లేదు, ఆకూ లేదు, అంతా మబ్బు.

"మొగులు పట్టినట్టున్నదిరా," అన్నాడు మామ, నెంబరు సంగతి ఎత్తకుండా.

దుకాణదారు తీసిన మేరకే ఫిల్ము కత్తిరించి కడిగాడు కనుక రీలులో ఇంకా కొన్ని ఫోటోలు మిగిలాయి. మామ రొంటిన ఎప్పుడూ ఒక ఇత్తడి మడత అద్దం ఉంటుంది. గుడ్డ మీద నిలబెట్టి అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టేది. దాన్ని కొడుకును కూడా ముట్టనివ్వడు. నాకు అప్పుడు తట్టింది. పోగు స్పష్టంగా కనబడే ఎత్తులోనే దాని కాళ్లు ఉంటాయి కదా, దాని మీద కెమెరా కన్ను ఆనిస్తే చాలు కదా!

"మామా, జర నీ అద్దమియ్యి."

ఆయన రొంటి నుంచి తీసి, పంచెతో తుడిచి నా చేతిలో పెట్టాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో, వాకిట్లో, గుడ్డ ముడత పడకుండా నేను బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. మా ఆయన ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు.

ఈసారి ఫోటో చూసి మా ఆయన వాకిట్లో గంతులేశాడు. పువ్వులో ప్రతి పోగూ తాడంత లావున కనబడుతోంది. మూలన నా బొటనవేలి గోరు సగం కూడా పడింది, దారం కోసిన గాడితో సహా. మామ ఫోటో పట్టుకుని గడప దగ్గర కూర్చుని పెదవులు కదిలిస్తున్నాడు. దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకున్నాను.

"పిల్లా, పోగుల లెక్క మొత్తం దొరికింది. దీన్ని సూసి రేపు పొద్దుగాల్ల ఎవడైనా మగ్గమెక్కిస్తడు. ఊడదీసే పని సుత లేదు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే."

మా ఆయన మొహం చూడలేకపోయాను. ఆయన జీవితంలో బాగా కుదిరిన ఫోటో అదొక్కటే. అయినా ఆ ఫిల్మును కత్తెరతో ముక్కలు చేసింది ఆయనే. కాగితాన్ని మామ చింపి, పువ్వున్న వైపు పొయ్యిలో వేశాడు. బంబు డబ్బుతో మా ఇంట్లో నీళ్లు వెచ్చబడ్డది ఆ ఒక్క పూటే.

పుణెకు మబ్బు ఫోటోనే పంపాం. ఇది అంచా, వానా అని జవాబు రాసి, అదేమిటో తేల్చుకుందామని వ్యాపారి తానే దిగాడు. మగ్గం మీద గుడ్డ చూసి అక్కడికక్కడే బేరం కుదుర్చుకున్నాడు. ఆర్డరు మాకే, ఇంకెవరికీ చూపనని ఒప్పుకున్నాడు. లేచేటప్పుడు అడిగాడు, ఈ అంచు ఎవరిదని.

మా ఆయన అలవాటుగా "మా నాయినది" అనబోయాడు. మామ చెయ్యి అడ్డం పెట్టి, రొంటిన మడత అద్దంతో పాటు దాచిన కాగితం ముక్క తీశాడు. పొయ్యిలో వేయని సగం.

"ఈ గోరు ఎవలదో, అంచు ఆమెది సేఠ్," అన్నాడు.

బయటివాళ్లు వస్తే రంగు చేతులు కొంగులో దాచుకోవడం నా అలవాటు. ఆ రోజు దాచుకోలేదు. ఆ ముక్క ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. పెళ్లికి కూడా ఎవరూ తీయించలేదు కనుక, నాకున్న ఫోటో అదొక్కటే.