తాకింది ఆంటీ

హెండర్సన్ ఊరి దగ్గరి పిస్టల్ క్లబ్బులో నేనూ, ఒక ఆంటీ, మేమిద్దరమే తెలుగువాళ్లం. తానూ పోటీల్లో కాలుస్తూ అందరి స్కోరూ రాసే ఆ ఆంటీకి దగ్గరి చూపు మందగించింది. టార్గెట్ మీది గీతకు బుల్లెట్ తాకితే ఒక పాయింటు ఎక్కువ. అనుమానమొస్తే కాల్చినవాళ్లనే అడిగేవారు, "గీతకు తాకిందా నాన్నా? నువ్వే చెప్పు."

నాకు కొత్త రివాల్వర్ ఎంచిపెట్టిందీ, చేతికి సరిపడే పిడి, నడుముకు తోలు ఒర కొనిపించిందీ ఆవిడే. మొదటి పోటీలో నా ఆఖరి బుల్లెట్ గీతకు వెంట్రుకవాసి బయట పడింది. ఆవిడ అడిగారు.

"తాకింది ఆంటీ," అన్నాను.

ఆ ఒక్క పాయింటుతో ఆవిడ మీదే గెలిచాను. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కూడా ఆవిడే.

మరుసటి వారం నిజం చెప్పేద్దామని వెళ్లాను. కొత్తగా చేరినామెకు ఆవిడ నన్ను చూపిస్తూ, "స్కోర్లో డౌటొస్తే ఇతన్ని అడగండి. అబద్ధం చెప్పడు," అన్నారు.

నిజం చెప్పకుండానే వెళ్లి రివాల్వర్‌లో బుల్లెట్లు నింపుకున్నాను. ఆనాటి నుంచి అనుమానమున్న నా ప్రతి బుల్లెట్టూ బయటే పడిందని చెప్పాను. దాంతో ఆవిడకు నా మీద నమ్మకం ఇంకా పెరిగింది.