కానుగ చెట్టు కోసం గండిపేట దాకా సైకిలు

ఈ సైకిలు ప్రయాణానికి నేను ప్రకృతి మీద ప్రేమతో బయలుదేరలేదు. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు వెనక ఒక కానుగ చెట్టు ఉంది. దాన్ని కొట్టకుండా ఆపడానికి బయలుదేరాను. ప్రభుత్వ కళాశాలలో లైబ్రేరియన్‌గా రిటైరైనప్పటినుంచీ పొద్దున్నే కుర్చీ తెచ్చుకుని ఆ చెట్టు కిందే చదువుకుంటున్నాను. నాలుగో అంతస్తులోని మా ఫ్లాటు కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంటు గోడ తగులుతుంది తప్ప వెలుతురు రాదు. ఆ చెట్టు తీసేస్తే మూడు కార్లు పడతాయని మా సంఘం అధ్యక్షుడు ఓబులరెడ్డి తేల్చాడు. ఆయనది కడప వైపు. స్థలాల వ్యాపారం. యాభై దాటినా ఆదివారం వస్తే బిగుతు బట్టలు తొడుక్కుని సైకిలెక్కుతాడు. ఆయన తెల్లకారు మీద ఆ చెట్టు ఆకులు రాలుస్తుంది, కాకులు మిగతా పని చేస్తాయి. అసలు కోపం అది.

సంఘం సమావేశంలో నేను లేచి, నగరంలో పచ్చదనం ఎంత మిగిలిందో చెప్పబోయాను. ఓబులరెడ్డి నవ్వాడు. "పచ్చదనం పచ్చదనం అని చదివి చెప్పేదే గానీ, ఎప్పుడన్నా కండ్లారా చూసినారా సార్? మీరు చూసేదల్లా అట్ట మీది బొమ్మ."

"మీరు చూస్తారు, ప్లాట్లు గీసేముందు," అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "సరే సార్. ఆదివారం మా సైకిలు టూరుకు రాండి. గండిపేట చూసుకోని ఖాజాగూడ చెరువు కాడికి వస్తాం. సామాన్ల ఆటో వెనకాలే ఉంటాది. ఆ ఆటో ఎక్కకుండా మీరు ఖాజాగూడ చేరినారంటే చెట్టు జోలికి మేం రాము. ఎక్కినారంటే, చెట్టు కొట్టేదానికి మీటింగులో మొదట చెయ్యెత్తేది మీరే. ఇది మాట."

డెబ్బై మూడేళ్ళ వాడికి ఎవరూ పెట్టకూడని పందెం, ఎవరూ ఒప్పుకోకూడని పందెం. మా బావమరిది ఫోన్ చేసి "ఈ వయసులో మేడ మీద పచార్లు చాలవా బావగారూ?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను ఖాయం చేసుకున్నాను. ఆయన సలహాకు ఎదురు వెళ్ళి నేను జీవితంలో ఎప్పుడూ నష్టపోలేదు.

వెళ్ళదలచినవారికి వివరాలు చెబుతాను. మనిషికి ఎనిమిది వందలు. సైకిలు, హెల్మెట్, మంచినీళ్ళు, దారి చూపే మనిషి, వెనక వచ్చే ట్రాలీ ఆటో అన్నీ అందులోనే. ఫలహారం మన ఖర్చు. ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకు కొండాపూర్ బొటానికల్ గార్డెన్ గేటు దగ్గర కలుస్తారు. పదిన్నర లోపు ఖాజాగూడలో ముగుస్తుంది. మొత్తం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. వానాకాలం వెళ్తూ వెళ్తూ ఉండే రోజులు మంచివి. నేను వెళ్ళింది బతుకమ్మకు వారం ముందు.

మాకు దారి చూపిన అమ్మాయి పేరు స్వరూప. పుట్టింది ఖాజాగూడలోనే. కొన్నేళ్ళు ఐటీ కంపెనీలో చేసి, ఆ కుర్చీలో నడుం పోగొట్టుకుని, దాన్ని సైకిలు మీద తిరిగి తెచ్చుకున్నానని నవ్వుతూ చెప్పింది. మేం పదిమందిమి. నేనూ ఓబులరెడ్డీ కాక మిగతావాళ్ళంతా కుర్ర ఉద్యోగులు. వాళ్ళంతా నా వైపు జాలిగా చూస్తుంటే నేను సైకిలు పట్టుకుని చివరన నిలబడ్డాను.

"పెద్దసారూ, గక్కడ కాదు. మీరు నా ఎనుకనే, అందరికంటె ముంగట," అంది స్వరూప.

"నెమ్మదిగా తొక్కేవాణ్ణి ముందు పెడతావేంటమ్మా?"

"మా రైడుల గట్లనే. అందరికంటె మెల్లగ తొక్కెటోళ్ళు ముంగట ఉండాలె, వాళ్ళను ఎవ్వరు దాటొద్దు. ఎనుక పడేస్తే మనిషికి దిగులైతది సార్. ముంగటుంటే కాళ్ళు అవ్వే తిరుగుతయి."

నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత మంచి పరిపాలనా సూత్రం నాకు ఏ ప్రిన్సిపాలూ చెప్పలేదు. పందెం సంగతి చెప్పి, ఎత్తు వచ్చినప్పుడు దిగి నడవవచ్చా అని అడిగాను. "నడువుండ్రి, తప్పేం లేదు. ఆటో ఎక్కితెనే లెక్క," అంది. ఓబులరెడ్డి కూడా తల ఊపాడు.

తోట గోడ పక్కన చెట్ల చీకట్లో మొదలుపెట్టాం. నాకు సైకిలు కొత్త కాదు. రేపల్లె వైపు కాలవ గట్ల మీద పెరిగినవాణ్ణి. కానీ మా వైపు ఎత్తు అంటే కాలవ మీద వంతెన, అంతే. ఇక్కడ నేల ఊపిరి తీస్తున్నట్టు లేస్తుంది, దిగుతుంది. గచ్చిబౌలి దాటేసరికి తెల్లవారింది. అద్దాల మేడల మధ్య ఖాళీ జాగాల్లో ఇంకా ఎవరూ పిండి చేయని రాతిగుట్టలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, గుట్ట కింద విరగబూసిన తంగేడు. ఎక్కడో పొదల్లో నెమలి అరిచింది. మా కళాశాలలో ఒక తెలుగు శాఖాధిపతి ఉండేవాడు. ప్రకృతి మీద సంపుటాలకు సంపుటాలు రాశాడు. తంగేడు పువ్వు తెల్లగా ఉంటుందని ఒక వ్యాసంలో రాస్తే, పసుపు అని చెప్పడానికి వెళ్ళిన నన్ను "మీ పని పుస్తకాలు అందించడం" అని పంపేశాడు. ఆయన పేరు రాయను. రాస్తే దాన్ని కూడా తన సన్మాన సంచికలో వేయించుకుంటాడు. ఆ ఉదయం తంగేడు పసుపుగానే ఉంది, దారి పొడుగునా. ఆయన ఇటు వస్తే చూసుకోమని మనవి.

నానక్‌రాంగూడ దగ్గర రింగురోడ్డు పక్కన ప్రత్యేకంగా సైకిళ్ళకే వేసిన దారి ఎక్కాం. పైన కప్పు ఉంది. ఆ కప్పంతా సూర్యుడి వెలుగుతో కరెంటు తయారుచేసే పలకలే. నేను మెచ్చుకోవడానికి తొందరపడే మనిషిని కాను. కానీ ఒక పక్క లారీలు దూసుకుపోతుంటే మరో పక్క నీడలో, నున్నటి దారి మీద, హారన్ల బెదిరింపు లేకుండా ఒక ముసలివాడు తనకు తోచిన వేగంతో పోగలగడం చిన్న విషయం కాదు. ఈ నగరంలో నడిచేవాణ్ణీ తొక్కేవాణ్ణీ మనిషిగా లెక్కపెట్టి కట్టినవి ఎన్ని ఉన్నాయి? ఇది ఒకటి. కట్టినవాళ్ళకు నమస్కారం. దారి మధ్యలో టీ తాగడానికి ఆగాం. ఓబులరెడ్డి చేతిగడియారం నొక్కుతూ, నొక్కుతూ టీ చల్లార్చుకున్నాడు. ఎంత దూరం, ఎంత వేగం, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది అన్నీ అందులో ఎక్కుతాయట. అవి ఆ రోజే స్నేహితులందరికీ ఫోన్‌లో కనబడాలట.

నార్సింగి దగ్గర ఆ దారి దిగి గండిపేట వైపు తిరిగాక నేను కాసేపు పందెం మరచిపోయాను. రోడ్డుకు రెండు పక్కలా చెట్లు కమ్ముకుని ఉన్నాయి. చెరువు ఒక్కసారిగా కనబడదు. ముందు గాలి చల్లబడుతుంది, తర్వాత వాసన వస్తుంది, ఆ తర్వాతే నీళ్ళు. ఒడ్డున కొంగలు ధ్యానంలో ఉన్నాయి. లకుముకిపిట్ట ఒకటి గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలిచి, రాయి పడ్డట్టు నీళ్ళలో పడి, చేపతో లేచింది. పదిమందీ ఒకేసారి "అబ్బ" అన్నారు. అందులో నా గొంతు కూడా ఉంది. పాతికేళ్ళుగా ఈ నగరంలో ఉండి, ఆ నీళ్ళు తాగి, ఆ చెరువు ఒడ్డున నిలబడటం అదే మొదలు.

తిరుగుదారిలో నార్సింగి చేరి ఫలహారానికి ఆగాం. రోడ్డు పక్కన రేకుల కింద ఒకావిడ సర్వపిండి చేస్తోంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి గిన్నెకు అద్ది కాల్చే రొట్టె అది. ఒక్కటి నలభై రూపాయలు. రెండు తిన్నాను.

"తాతా, ఆంధ్ర మాట లెక్కున్నది నీది. కారం తక్కువెయ్యాల్నా?" అంది.

"మాది గుంటూరు వైపమ్మా. కారం సంగతి నాకు చెప్తావా?"

"గట్లయితే మా కారం నీకు పిప్పరమెంటే పో!" అంటూ పక్కన ఇంకాస్త పచ్చడి వేసింది. ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి కానీ పరువు నిలిచింది.

అప్పుడే ఓబులరెడ్డి గావుకేక పెట్టాడు. టీ దగ్గర ఆపిన గడియారం ఆయన మళ్ళీ మొదలుపెట్టలేదు. గండిపేట పోయిరావడం అందులో ఎక్కనే లేదు.

"పోతే పోనీయుండ్రి సార్," అంది స్వరూప. "మీరు తొక్కింది మేం చూసినం గద."

"మీరు చూస్తే ఎట్ల సరిపోతాదమ్మా? ఇందులో లేకుంటే నేను పోనట్లే లెక్క. రెండేండ్లాయ, ఒక్క ఆదివారం తప్పలేదు నాకు." లేచి హెల్మెట్ పెట్టుకున్నాడు. మళ్ళీ గండిపేట పోయి, మళ్ళీ వస్తాడట, ఆ ఎండలో! కండ్లారా చూశారా అని నన్ను అడిగిన పెద్దమనిషి, తన కళ్ళతో చూసింది చాలదని వెనక్కి తొక్కుకుంటూ పోతుంటే నాకు కలిగిన ఆనందం సభ్యసమాజంలో చెప్పుకునేది కాదు. స్వరూప తల కొట్టుకుని ట్రాలీ ఆటోను ఆయన వెనక పంపింది. ఆటో నడిపే జహంగీర్ "ఈ సార్‌తోని పరేషాన్ ఉంది" అంటూ బండి తిప్పాడు.

మేం మళ్ళీ నీడ దారిలో నానక్‌రాంగూడ చేరాం. అక్కడినుంచి ఖాజాగూడ గుట్టల వైపు రోడ్డు ఎక్కుతుంది. "ఈ ఎత్తు మాత్రం ఎవరి తీరు వాళ్ళదే. ఒక్కలు ఆగితే అందరు ఆగుతరు," అని స్వరూప ముందే చెప్పింది. "పైకెక్కినంక చెరువు కనవడుతది, నేను ఆడనే ఉంట. ఫికర్ చేయకుండ్రి పెద్దసారూ." కుర్రాళ్ళు ఒక్కొక్కరే నన్ను దాటి వెళ్ళారు. కొంతదూరం తొక్కాను. తర్వాత దిగి నడిచాను. తర్వాత సైకిలు నన్ను మోస్తోందో నేను దాన్ని మోస్తున్నానో తెలియలేదు. సర్వపిండి గొంతులోకి వస్తోంది. నీళ్ళ ట్యాంకర్లు చెవి పక్కనుంచే పోతున్నాయి. చెట్టు గుర్తు తెచ్చుకున్నాను. అంత చెట్టూ ఆ ఎత్తు మీద ఎంతో చిన్నదిగా కనబడింది.

వెనకనుంచి ఆటో వచ్చి పక్కన ఆగింది. "ఎక్కుండ్రి చాచా," అన్నాడు జహంగీర్. "మొఖం ఎట్ల అయిందో చూసుకున్నరా? జాగ ఉంది, ఎక్కుండ్రి."

నా చెయ్యి నన్ను అడగకుండా వెళ్ళి ట్రాలీ కడ్డీ పట్టుకుంది. ఆ ఇనుము ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

"చెయ్యి తీయండి సార్."

లోపల, పడుకోబెట్టిన సైకిలు పక్కన, ఒక కాలు చాపుకుని ఓబులరెడ్డి కూర్చుని ఉన్నాడు. పిక్కలు పట్టేసి, మొహం కందిపోయి ఉంది. గడియారం మాత్రం చేతికే ఉంది. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. పందెం పెట్టినవాడే ఆటో ఎక్కాడు, ఇంకా ఈ దర్పమా అనుకున్నాను.

"మీరెక్కారు కదా," అన్నాను.

"నేనెక్కితే నా ఆదివారం పాయ. మీరెక్కితే మీ చెట్టు పోతాది. మాట మాటే సార్, ఎక్కినాక నేను విడిచిపెట్టను." ఆయన కాలు నొక్కుకుంటూ ముందుకు చూపించాడు. "ఆ మలుపు వరకే ఎత్తు. ఆమీద దిగుడే. తీయండి చెయ్యి."

ఆయన ఊరుకుని ఉంటే చాలు, నేను ఎక్కేవాణ్ణి. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. చెయ్యి తీశాను.

"జహంగీర్, ముందుకు పోవద్దు. సార్ వెనకాలే మెల్లగా రా. ఆ ట్యాంకర్లు కొంచెం ఎడంగా పోతాయి," అన్నాడు ఓబులరెడ్డి.

మిగిలిన ఎత్తంతా నేను సైకిలు తోసుకుంటూ, నా వెనక నడక వేగంతో ఆటో, అందులో నా ప్రత్యర్థి. మధ్యమధ్య ఆయన గొంతు: "అంతే సార్, అంతే... ఏం చదివినారో ఏమో, కాళ్ళకు మాత్రం చదువు రాలేదు మీకు!" నవ్వితే ఊపిరి పోతుందని నవ్వలేదు. మలుపు తిరిగాక దిగుడు. సైకిలెక్కాను. ఖాజాగూడ చెరువు కనబడింది, దాని వెనక ఒకదాని మీద ఒకటి ఎవరో నిలబెట్టినట్టున్న రాళ్ళు. ఒడ్డున ఆడవాళ్ళు బతుకమ్మకు గునుగు పువ్వు కోస్తున్నారు. ఒకావిడ నన్ను చూసి "ఈ తాత గండిపేట పోయొచ్చిండంటనే!" అని కేక వేసింది. స్వరూప అప్పటికే ఊరంతా చెప్పేసిందన్నమాట. ఆటోలోంచి కుంటుతూ దిగి చప్పట్లు మొదలుపెట్టింది ఓబులరెడ్డే.

తర్వాతి సమావేశంలో చెట్టు మాట ఎవరో ఎత్తితే, "అది అయిపోయిన ముచ్చట" అని అధ్యక్షుడే ఆపేశాడు. కారు ఇప్పటికీ ఆ చెట్టు కిందే పెడతాడు, పొద్దున్నే అద్దం తుడుస్తూ నాకు వినబడేలా కాకుల్ని తిడతాడు. నేను పేజీ తిప్పుతూ వింటాను. నాకు చెల్లించవలసిన మర్యాదలు ఇంకా చాలామంది దగ్గర బాకీ ఉన్నాయి. ఎవరినీ వదలను. ఈ నగరంలో పచ్చదనం చచ్చిపోయిందని వ్యాసాలు రాసే నా పాత మిత్రులు కూడా ఆ బాకీదారుల వరసలోనే ఉన్నారు. అది చావలేదు. రాళ్ళ సందున, రింగురోడ్డు పక్కన, చెరువు ఒడ్డున, ఎవరు వచ్చి చూస్తారా అని ఎదురుచూడకుండా తన పని తాను చేసుకుంటోంది. అయితే ఓబులరెడ్డి పేరు మాత్రం ఆ వరసలోంచి తీసేయక తప్పలేదు. అదొక్కటే ఈ ప్రయాణంలో నాకు నష్టం.

వెళ్ళేవారికి ఒక్క సలహా. ఖాజాగూడ ఎత్తు రాగానే సిగ్గుపడకుండా దిగి నడవండి, మలుపు దాటితే అంతా దిగుడే. ఆటో కడ్డీ మీద మాత్రం చెయ్యి వేయకండి. వేస్తే తీయమని చెప్పే శత్రువు అందరికీ దొరకడు.