రెండు వందల గ్రాముల నిమ్మపూలు

ఆ రోజుల్లో మా ఇంట్లో గుజరాతీ వచ్చినవాడిని నేనొక్కడినే. వచ్చని ఇంట్లోవాళ్లు నమ్మేవారు, వాళ్లకంటే గట్టిగా నేను నమ్మేవాడిని. సాంచెల (మరమగ్గాల) కార్ఖానాలో పనిచేసే నాయినకు హిందీ సరిపోయేది. అమ్మకైతే 'కేట్లా' (అంటే ఎంత), 'నై' అనే రెండు మాటలతోనే సూరత్ అంతా గడిచిపోయేది. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న నేను మాత్రం, గుమ్మంలోకి ఎవరొచ్చి ఏం మాట్లాడినా అమ్మను పక్కకు జరిపి ముందుకు వచ్చేవాడిని. అర్థమైనంత చెప్పి, కానిచోట కాస్త కల్పించేవాడిని (అమ్మకు తెలిసేది కాదు, వచ్చినవాళ్లకూ తెలిసేది కాదు, ఇక ఇబ్బందేముంది).

సూరత్ శివారు అమ్రోలిలో మా సొసైటీకి (ఇళ్ల కాలనీకి) బోరు నీళ్లే దిక్కు. నల్లా తిప్పితే సగం నీళ్లు, సగం సున్నం వచ్చేవి. బకెట్ల నిండా తెల్లచారలు, నీళ్లు కాచే రాడ్డుకు వేలు మందాన పెచ్చు, పొద్దున పొయ్యి మీద పెట్టిన పప్పు నాయిన షిఫ్టు దిగి వచ్చినా పలుకు మీదే ఉండేది. ఆ నీళ్లకు సబ్బు నురగ రాదు కాబట్టి అమ్మ ఇంకాస్త సబ్బు రుద్ది, ఇంకాస్త గట్టిగా ఉతికేది. దాంతో ఆమె వేళ్ల కొసలు పగిలిపోయేవి. ఉతుకుడు అయ్యాక ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటించేది. పగిలిన వేలు చీర మీద ఆడితే పోగు లేచేది. పోగు లేచిన చీరను పనిచ్చే ఆవిడ అమ్మ ముందే విసిరికొట్టేది. అది చూడలేకే నాయిన, తన సేఠ్ ఇంట్లో మూలన పడేసిన పాత వాషింగ్ మిషన్‌ను అడిగి టెంపోలో వేసుకొచ్చాడు. అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. రెండు నెలలకు వేళ్లు మానాయి. "సూడుర, గీ ఏలు ఎంత నున్నగైందో" అని నా చెంప మీద రాసి చూపించింది.

ఏడాది తిరిగేసరికి ఆ మిషన్ కూడా మా నల్లా నీళ్లకు లొంగిపోయింది. స్విచ్ వేస్తే మూలుగుతుందే తప్ప లోపలి చక్రం తిరగదు. అమ్మ మళ్లీ బండ దగ్గర కూర్చుంది, వేళ్లు మళ్లీ పగిలాయి. నాయినకేమో బాత్రూములో నిలబడడానికి చోటు లేదని కోపం. "ఐతారం దాంక సూస్త. తిరిగితె తిరిగె, లేకుంటె భంగార్ బండిల ఏస్త" అని పాత సామాన్ల బండివాడిని తలుచుకున్నాడు. అమ్మ లేచి వెళ్లి మిషన్ మూత మీద గుడ్డ పెట్టి తుడిచింది.

శుక్రవారం నేను మెకానిక్‌ను పిలుచుకొచ్చాను. ఆయన లోపలికి టార్చి కొట్టి చూసి, చక్రం కింద సున్నం గడ్డకట్టిందన్నాడు. స్కూటర్ స్టార్ట్ చేస్తూ, "బసో గ్రామ్ లీంబునా ఫూల్ నాఖీ దో, గరమ్ పానీ మా" అని చెప్పి వెళ్లిపోయాడు. "ఏమన్నడుర?" అంది అమ్మ. నేను గొంతు సవరించుకున్నాను. "లీంబు అంటె నిమ్మకాయ. ఫూల్ అంటె పువ్వు. రెండు వందల గ్రాముల నిమ్మపూలు ఉడుకు నీళ్లల ఏయాలె." అమ్మ అనుమానంగా చూసింది. "కాయ గాదుర? పువ్వా?" "కాయకే గంత పులుపుంటె పువ్వుకు ఎంత పవర్ ఉండాలె!" అన్నాను. ఆ తర్కం నాకే ఎంతో నచ్చింది.

నిమ్మచెట్టు ఉన్నది మా వెనక గల్లీలో, బా ఇంటి ముందు (బా అంటే గుజరాతీలో అమ్మ, పెద్దావిడను అందరూ అలాగే పిలుస్తారు). చెట్టు నిండా పూత. నేను మర్యాదగా, నాకు వచ్చిన గుజరాతీ అంతా కూడగట్టి, లీంబునా ఫూల్ కావాలని అడిగాను. "దుకానే మళ్‌సే, దీక్రా" అందామె. దుకాణంలో దొరుకుతుంది నాయనా, అని! కళ్ల ముందు చెట్టంతా పూసి ఉంటే నన్ను దుకాణానికి పొమ్మంటుందా? ఇంత పిసినారితనమా అని ఒళ్లు మండిపోయింది. సూరత్‌లో మధ్యాహ్నం భోజనమయ్యాక ఊరు ఊరంతా కునుకు తీస్తుంది. బా తలుపు మూసుకోగానే నేను గోడ ఎక్కాను. నిమ్మముళ్లు మోచేతుల దాకా గీరాయి. మూడు కొమ్మలు దులిపి సంచిలో వేసుకుని, కూరగాయల బండి దగ్గర తూయిస్తే వంద గ్రాములైనా లేవు. మళ్లీ వెళ్లి మిగతా కొమ్మలు కూడా ఖాళీ చేశాను.

ఉడుకు నీళ్లలో పూలు పోసి మూత పెట్టాను. గంట తర్వాత స్విచ్ వేస్తే మిషన్ ఎప్పటిలాగే మూలిగింది, కాకపోతే ఈసారి సువాసనతో. అమ్మ లోపలికి తొంగిచూసి, "మషిన్‌కు పెండ్లి జేస్తున్నవార?" అంది. అదే సమయానికి గుమ్మంలో బా. గోడ నుంచి మా గుమ్మం దాకా నేను రాల్చుకుంటూ వచ్చిన పూలు ఆమెకు దారి చూపించాయి. ఆమె తిట్టిన తిట్లలో నాకు నిజంగా ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమంటున్నదిర?" అని అమ్మ అడిగితే, నా జీవితంలో మొదటిసారి, "నాకు తెల్వదే" అన్నాను.

అమ్మ నన్ను వదిలేసి బా చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. మిషన్ చూపించింది, పూలు చూపించింది, తన వేళ్లు చూపించింది. బా కాసేపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఇంటికి వెళ్లి చిన్న డబ్బా తెచ్చి, అందులోంచి చిటికెడు తెల్లటి పలుకులు అమ్మ అరచేతిలో పోసింది. అమ్మ నాలుకకు అద్దుకుంది. "ఓరి నీ యవ్వ, గిది నిమ్మ ఉప్పే గదర!" అంది. పులుపు కోసం వాళ్లు శనగపిండి వంటకం ఖమణ్‌లో వేసుకునే నిమ్మ ఉప్పునే లీంబునా ఫూల్ అంటారట. ఒకరి భాష ఒకరికి తెలియని ఇద్దరు ఆడవాళ్లు రెండు నిమిషాల్లో తేల్చేశారు, దుబాసీగారు గోడకు ఆనుకుని ముళ్లగాయాలు ఊదుకుంటున్నారు.

ఆ డబ్బాకు కిరాణా దుకాణం నుంచి తెచ్చింది కూడా కలిపి, పూలన్నీ ఏరేసి (అన్నీ ఏరామనే అనుకున్నాం) నానబెట్టారు. శనివారం పొద్దున చక్రం ఒకసారి జంకి, గిర్రున తిరిగింది. అమ్మకు కళ్లనిండా నీళ్లు. ఐతారం నాయిన మిషన్ దగ్గర నిలబడితే, "నీ కొడుకే బాగు జేసిండు" అని చెప్పేసింది. నేను నోరు తెరిచేలోపే నా కాలు తొక్కింది. నాయిన నా భుజం మీద చేయి వేశాడు. అంతకుముందు వేసిన గుర్తు లేదు. ఆ తర్వాత కార్ఖానాలో అందరికీ చెప్పాడు. గల్లీలో ఎవరి గీజర్ ఆగినా నన్ను పిలిచేవారు. నేను కూడా నిమ్మ ఉప్పు పొట్లం జేబులో పెట్టుకుని, పెద్ద ఇంజనీరులా నడిచి వెళ్లేవాడిని.

ఇప్పుడు నేను సూరత్ పక్కనే హజీరాలో ఒక కంపెనీలో బాయిలర్‌కు పోయే నీళ్లు పరీక్ష చేసే పనిలో ఉన్నాను. నీళ్లలో సున్నం ఎంతుందో చూడడమే నా ఉద్యోగం. మొన్న ఇంటికొచ్చిన చుట్టానికి నాయిన మళ్లీ అదే కథ మొదలుపెట్టాడు, "పదోతరగతిలనే మషిన్ బాగు జేసిండు మావోడు" అని. ఇన్నేళ్ల మొహమాటం ఇక భరించలేక, చుట్టం వెళ్లాక జరిగిందంతా చెప్పేశాను. అమ్మ తలవంచుకుని నవ్వుతోంది. నాయిన చాయ్ సాసర్‌లో పోసుకుని నింపాదిగా ఊదుకున్నాడు.

"నాకెర్కనే. ఆ సోమారం కార్ఖాన్ల బీడీ తీద్దామని, మషిన్ల ఉతికిన అంగి జేబుల చెయ్యివెడితె నిమ్మపువ్వు దొరికింది. సాయంత్రం బా గూడ చెప్పింది."

"మరి గిన్నేండ్ల సంది అందరికి గట్లెందుకు చెప్తున్నవ్ నాయినా?"

"మీ అమ్మ కోసం గోడెక్కింది నువ్వే గద," అన్నాడు నాయిన, చాయ్ మీది మీగడ పక్కకు ఊదుతూ.

నేను మోచేతి వైపు చూసుకున్నాను. ఆ గీతలు ఎప్పుడో మాసిపోయాయి. అయినా సంచి నిండా పూలతో గోడ మీద కూర్చున్న ఆ పండితుడు గుర్తొచ్చి, నవ్వు ఆపుకోలేకపోయాను.