జీపుకు గొట్టాల తలుపు

వీధి చివరి మెకానిక్ బాబాయి మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతుంది కానీ, కొలత మాత్రం మనిషిని కూర్చోబెట్టే తీస్తాడు. కొండదారుల్లో తిప్పే ఆయన పాత జీపుకు తలుపుల్లేవు. మొన్న ఒక మలుపులో సగం బయటికి జారిన పిన్ని, తలుపు పెట్టేదాకా ఎక్కనని ఒట్టేసింది. అంతే, ఆయనకు తిండీ నిద్రా లేవు. ముందు సుద్దముక్కతో నేలమీద గీత, ఆ గీత మీద తీగ, ఆ తీగను చూస్తూ వంచడానికి ఇసుక నింపిన ఇనప గొట్టం. నొక్కు పడకుండా వంగిన ప్రతిసారీ "అబ్బ, వెన్నలా తిరిగిందే!" అని తొడ చరుచుకుంటాడు.

ఇవాళ పిన్నిని బతిమాలి సీట్లో కూర్చోబెట్టాడు. "మోచెయ్యి ఆనించు. ఆఁ, అక్కడే! ఇక కళ్లు మూసుకో!" అంటూ తలుపు కదలకుండా తాత్కాలికంగా రెండుచోట్ల జీపుకు వెల్డింగుతో అతికించి, అదే ఊపులో తలుపు తిరిగే బందులు కూడా బిగించేశాడు. వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాడు. పిన్ని దిగబోతే తలుపు తెరుచుకోలేదు. ఆ రెండు అతుకులూ కోయడం మరిచాడు! నాలుక కరుచుకున్నాడే గానీ, కళ్లు మెరుస్తూనే ఉన్నాయి. "చూశావా, ఎంత గట్టిదో! ఇక పడే ప్రసక్తే లేదు!" పిన్ని గొట్టాన్ని రెండు చేతులా పట్టి ఊపి చూసింది. ఇసుమంతైనా కదల్లేదు. "అయితే కోయడం తర్వాత. ముందు ఆ మలుపు దాకా పోనివ్వండి!"