మట్టి తొక్కకుండా మేనత్త ఊరికి

మట్టిని తొక్కుతాం, సైకిల్‌నీ తొక్కుతాం. రెంటికీ మాట ఒకటే. ఆ రెండు తొక్కడాల మధ్య ఉన్న సందులోంచి మా నాయన తన ఒట్టును దాటించాలని చూశాడు. దాటిస్తే, ఏళ్లుగా ముఖం చూడని అక్కను చూడగలుగుతాడు.

అది కర్నూలు రాజధానిగా ఉన్న కాలం. నేను నంద్యాలలో గుమాస్తాగా కొత్తగా చేరాను. ఒక సైకిల్ కొనుక్కున్నాను, డైరీ రాయడమూ అప్పుడే మొదలుపెట్టాను. నాయన పక్క ఊళ్లోనే సేద్యం చేసేవాడు. మా మేనత్తను ఆళ్లగడ్డకు పడమర, కుందూ నది వైపున్న ఒక పాత ఊరికి ఇచ్చారు.

తగాదా బండలాగుడు పోటీలో పుట్టింది. ఆ ఊరి తిరునాళ్లలో మా ఎద్దులు బండరాయిని లాగుతూ గీత దాటి పక్కకు పోయాయని, పెద్దమనిషిగా కూర్చున్న మా మామ, అంటే మేనత్త భర్త, తీర్పు చెప్పాడు. దాటలేదని నాయన. "దాటినాయిలే బామ్మర్దీ, నీ ఎద్దులకు నీ కంటే సిగ్గుంది, తలొంచుకోనుండాయి చూడు" అన్నాడు మామ. జనమంతా నవ్వారు. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, అందరూ వినేటట్టు అన్నాడు:

"ఇంగ ఈ ఊరికి నా ఎద్దు రాదు, నా బండి రాదు. నా కాలు ఈ ఊరి మట్టి తొక్కదు. తొక్కితే నేను మా నాయనకు పుట్టినోన్నే కాదు."

అత్త కూడా ఆ తండ్రి బిడ్డే కాబట్టి, "వాడు రాకుంటే నేనెందుకు పోవాల?" అని రావడం మానుకుంది.

అలా చాలా ఏళ్లు గడిచాక, ఒక ఎండాకాలం, ఊరూరా తిరిగి గాజులమ్మే సాయిబు మా అరుగు మీద పెట్టె దించి నాయనతో చెప్పాడు: "మీ అక్కకు కండ్లల్లో పొరలొచ్చినాయప్పా. గాజు ముక్కు కాడికి తెచ్చుకుంటే గానీ రంగు తెల్వడం లే. నా తమ్ముని మొగం కూడా మసకైపోకముందే ఒక్కసారి చూడాలంటాంది. ఏం చెప్పమంటావు?"

నాయన లేచి ఎద్దులకు మేత వేయడానికి పోయాడు. కంటికి కత్తి పెట్టించుకోవడమంటే మా వైపు ఆడవాళ్లు ఒప్పుకోని రోజులవి. ఆ చూపు ఇక తగ్గడమే తప్ప పెరగదని ఆయనకు తెలుసు.

ఆ ఆదివారం నేను ఊరికి వెళ్తే, గోడకు ఆనించిన నా సైకిల్ చుట్టూ నాయన సంతలో ఎద్దును చూసినట్టు తిరిగాడు.

"ఇది ఎద్దా?" అన్నాడు.

"కాదు నాయనా."

"బండా?"

"బండీ కాదు."

"దీని మీద కూచుంటే కాలు మట్టికి తగుల్తాదా?"

"తొక్కుతున్నంతసేపు తగలదు."

"తొక్కేది దేన్ని?"

"సైకిల్‌ని."

"అదీ! సైకిల్‌నే గదా" అన్నాడు, కోర్టులో వకీలు కాగితం పక్కకు పెట్టినట్టు.

ఆ వయసులో సైకిల్ నేర్చుకోవడం మాటలు కాదు. పంచె పైకి దోపుకుని, నేను సీటు పట్టుకుని పరిగెత్తుతుంటే, కళ్లం చుట్టూ తిరిగాడు. రెండుసార్లు గడ్డివాములోకి దూసుకుపోయాడు. కల్లుదుకాణానికి పోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. "ఏమప్పా పెద్దన్నా, సర్కసులో చేరతాండావా?" అని ఒకడంటే, "మీ యమ్మను గూడ పిల్చుకోని రాపో, టిక్కెట్టు లేకుండా చూస్తాది" అని నాయన తిరిగి చూడకుండానే జవాబు చెప్పేవాడు. తిరిగి చూస్తే పడతాడు మరి.

మా అమ్మకు మాత్రం మహానంది, మా వైపు ఓబులం అనే అహోబిలం యాత్ర అని చెప్పాడు. బయలుదేరే రోజు అమ్మ బనగానపల్లె మామిడిపండ్ల సంచి నా హాండిలుకు తగిలించి, "ఓబులం పోతే పోండి, లేకుంటే లేదు. ఈ పండ్లు మాత్రం మా వదినెకు చేర్చండి" అంది. నాయన సైకిల్ గంట మోగించి మాట దాటేశాడు.

నా సైకిల్ ఒకటి, నంద్యాలలో అద్దెకు తీసుకున్నది ఒకటి. మొదటిరోజు మహానంది చేరి కోనేటిలో మునిగాం. గుండు సూది వేసినా అడుగున కనిపించే నీళ్లు అవి. నాయన మెడలోతు నీళ్లలో నిలబడి తన పాదాలకేసి చాలాసేపు చూశాడు. నేను తడిబట్టలు పిండుకుని గట్టెక్కాను.

మరునాడు దక్షిణానికి తిరిగాం. ఎడమచేతివైపు నల్లమల, కుడివైపు ఎక్కడో దూరాన ఎర్రమల, మధ్యలో కుందూ లోయ బల్లపరుపుగా, నల్లగా. ఊరూరికీ ఒక కూలిన బురుజు, దాని మీద మొలిచిన ఒక చెట్టు, ఊరి మొదట్లో కత్తి పట్టిన వీరుణ్ణి చెక్కిన రాయి. నేను అలాంటి రాయి కనిపిస్తే ఆగి చూసేవాణ్ణి. నాయన ఆగేవాడు కాదు. ఆగితే మళ్లీ ఎక్కడం ఆయనకు కష్టం. "నువ్వు చూసి రా, నేను పోతాంటా" అని సాగిపోయేవాడు. ఆయనకు కావలసిన చరిత్ర పొలాల్లో ఉండేది. ఎవరి దుక్కి లోతుగా ఉంది, ఎవరు గట్టు జరిపారు అన్నది దారి పొడవునా చెబుతూ పోయాడు.

శిరివెళ్ల దాటాక ఒక వేపచెట్టు కింద సద్దిమూట విప్పాం. నల్లరేగడి అంటే ఒకప్పుడు భూమిలోంచి నిప్పు కక్కిన కొండల రాయి అరిగి అయిన మట్టి అని మా పంతులు చెప్పేవారని నేను నాయనకు చెప్పాను. ఆ మాట మన ప్రాంతానికి ఎంతవరకు వర్తిస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. నాయన ఒక గడ్డ చిదిపి చూసి, "మీ యత్త ఊర్లో మట్టి ఇంకా నలుపు. నిప్పు పూర్తిగా ఆరినట్టు లేదు" అన్నాడు.

సాయంత్రానికి ఆళ్లగడ్డ చేరాం. మేము దిగిన సత్రం వెనక వీధిలో శిల్పుల ఉలుల చప్పుడు పొద్దు గుంకేదాకా వినిపించింది. అప్పుడు అడిగాను, నన్ను దారంతా తొలుస్తున్న ప్రశ్న. "నాయనా, సైకిల్ మీద పోతావు సరే. అత్త ఇంటి ముందు దిగేది ఎట్ల?"

ఆయన దానికీ ఏర్పాటు చేసుకునే ఉన్నాడు. "వాళ్ల అరుగు వీధి పొంటి ఉంటాది. సైకిల్ దాని పక్కకు పెట్టి అరుగు మీద కాలేస్తా. అరుగు రాయి. లోపల పరిచింది బేతంచెర్ల బండలు. బేతంచెర్ల ఆ ఊర్లో ఉందా?"

"లేదు."

"మరి?"

ఆ రాత్రి వాన పడింది. ఎండాకాలం చివరి వాన, తొలకరి అనడానికి ముందుగానే వచ్చింది. పొద్దున సత్రం వాచ్‌మన్ మా సైకిళ్లు చూసి, "రేగట్లోకి పోతాండారా? చక్రాల మీది రేకులు పీకి పొండప్పా. బురద పట్టి చక్రం తిరగదు" అన్నాడు. నా సైకిల్ మడ్‌గార్డులు నేను విప్పాను. నాయన ఒప్పుకోలేదు. "రేకు లేకుంటే బురద కాళ్ల మీదికి చిమ్ముతాది. ఆ ఊరి మట్టి నా కాలికి తగలగూడదనే గదా ఈ తిప్పలన్నీ" అన్నాడు.

ఊరి పొలిమేర దాకా దారి గులకరాళ్లది, పర్వాలేదు. పొలిమేర రాయి దగ్గర బండిబాట మొదలవుతుంది. నాయన అక్కడ ఊపిరి బిగించి బలంగా తొక్కాడు. రేగడి పిండిముద్దలా చక్రానికీ రేకుకీ మధ్య దూరి, ముందు ఈడ్చింది, తర్వాత బిగించింది, తర్వాత రాయి పక్కనే చక్రం పూర్తిగా నిలిచిపోయింది. ఒరిగిపోతున్న సైకిల్ మీదినుంచి నాయన ఒక కాలు పొలిమేర రాయి మీద వేశాడు. రెండో కాలూ దాని మీదికే లాక్కున్నాడు. సైకిల్ బురదలో పడిపోయింది. ఆయన మోకాలెత్తు రాయి మీద, చేతులు చాచి, పడకుండా నిలబడ్డాడు.

"నా వీపు మీద ఎక్కు నాయనా, మోసుకుపోతా" అన్నాను.

"నన్ను మోస్తే ఇద్దరం పడతాం. నువ్వు పోయి చెప్పు."

చెప్పాల్సిన పని లేకపోయింది. గొర్రెలు తోలుకుపోతున్న ఒకామె ఆయనను చూసి అప్పటికే ఊళ్లోకి పరిగెత్తింది. కాసేపటికి మామ వచ్చాడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని. వెనకాల, గోడలు తడుముకుంటూ, తర్వాత ఆయన భుజం పట్టుకుంటూ, మా అత్త. ఆమె రెండో చేతిలో నీళ్ల చెంబు ఉంది. ఇంటికి వచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వడం ఆనవాయితీ. ఇంటి దాకా రానివాడికి ఆమె పొలిమేరకే తెచ్చింది. మీగాళ్ల దాకా బురదలో దిగి నడిచింది.

"ఏం బామ్మర్దీ, ఇంద్రునికి తపస్సా?" అన్నాడు మామ.

"నువ్వు ఉండబ్బా ఒక్క రవ్వ" అని అత్త ఆయన భుజం వదిలి ముందుకు వచ్చింది. "యాడున్నాడు?"

"ఈడనే అక్కా" అన్నాడు నాయన.

ఆమె తల ఎత్తింది. మేము తూర్పునుంచి వచ్చాం. అప్పుడే ఎక్కిన సూర్యుడు నాయన వీపు వెనక ఉన్నాడు. ఆమె కళ్లు చిట్లించింది, చెయ్యి అడ్డం పెట్టుకుంది, పక్కకు జరిగి మళ్లీ చూసింది.

"నల్లగా ఏందో నిలబడుండాది, అంతే" అంది. "గొంతు నీదే. మొగం లేదు."

"నేనే అక్కా. పండ్లు గూడ తెచ్చినా."

"పండ్లు నేను సంతలో కొనుక్కుంటాలేరా. జానెడు దూరంలో ఉంటేనే నాకు కనపడేది. ఆ పైన నిలబడి నువ్వు నన్ను చూసుకోని పోతావు. నేను ఏం చూడాల?"

నాయన నా వైపు చూశాడు. సైకిల్ మీద, అరుగు మీద, బేతంచెర్ల బండల మీద ఆయన వేసుకున్న లెక్కలో ఈ సంగతి లేదు. అన్నీ తాను ఆమెను చూడడానికే. ఆమె తనను చూడాలంటే ఏం కావాలో తట్టలేదు.

ముందు చెప్పులు తీసి రాయి మీద పెట్టాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు, గుడిలోకి పోయేటప్పటి అలవాటేమో. తర్వాత దిగాడు. రేగడి ఆయన పాదాలను చీలమండల దాకా మింగింది. రెండడుగులు వేసి అక్క ముందు నిలబడ్డాడు.

ఆమె చెంబు నా చేతికిచ్చి, రెండు చేతులతో ఆయన ముఖం పట్టుకుని తన ముఖం దగ్గరికి లాక్కుంది. ముక్కులు తగిలేంత దగ్గరికి. నుదురు నుంచి గడ్డం దాకా, గాజు రంగు చూసినట్టు, కొంచెం కొంచెంగా చూసింది.

"మీసం తెల్లగైపోయిందే" అంది. "ఈ గాటు ఏందిరా? ముందు లేదే."

"సైకిల్ మీదినుంచి పడితి."

"ఈ వయసులోనా? నీకి బుద్ధెప్పుడొస్తాది?" అని ఆ గాటు మీద బొటనవేలు పెట్టి అట్లే ఉంచింది.

మామ ఎంతసేపని ఊరుకుంటాడు. "ఏం బామ్మర్దీ, మట్టి తొక్కినావే?"

నాయన తల తిప్పలేదు, అక్క చేతుల్లోంచి ముఖం తీయలేదు. "తొక్కలేదు బావా," అన్నాడు. "దిగినా."

"సరే, దిగినావనే అనుకుందాంలే" అన్నాడు మామ. బురదలో పడి ఉన్న సైకిల్‌ను ఆయనే ఎత్తి భుజాన వేసుకున్నాడు. ఇంటి దగ్గర అరుగు మీద నాయన కూర్చుంటే, అత్త నా చేతిలోంచి చెంబు తీసుకుని, కాళ్లు ఎక్కడున్నాయో చేత్తో తడిమి మరీ నీళ్లు పోసింది. ఒక చెంబు సరిపోలేదు.

అహోబిలం పోలేదు. అత్త చూపు ఇంకో రెండు పంటల కాలం నిలిచింది. ఆ లోపల నాయన ఎద్దులబండి కట్టుకుని ఆ ఊరికి చాలాసార్లు పోయాడు. ఒకసారి నేను, నేర్చుకున్నది మర్చిపోతావు, అప్పుడప్పుడూ సైకిల్ తొక్కు నాయనా అన్నాను.

"ఇంగ దాంతో ఏం పని?" అన్నాడు ఆయన.