మంగమ్మ ఆకు వేసుకున్న రోజు

2017 జూన్‌లో నన్ను తిరుపతి నుంచి చిత్తూరు ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. హోదా స్పీచ్ థెరపిస్టు. ఇచ్చిన గది మాత్రం అంతకుముందు విరిగిన మంచాలు పడేసిన స్టోరు. ఎదుగుదలలో తేడా కనిపించిన పిల్లల్ని ముందు పిల్లల డాక్టరు, తర్వాత సైకాలజిస్టు పరీక్షిస్తారు. ఆటిజం అని వాళ్లు తేల్చాక నా దగ్గరికి పంపుతారు. పేరు పెట్టే పని వాళ్లది, తర్వాత వచ్చే తిట్లు తినే పని నాది.

పుత్తూరు దగ్గరి పల్లె నుంచి రేవతి తన నాలుగేళ్ల కూతురు హాసినిని తీసుకొచ్చింది. వెంట అత్తగారు మంగమ్మ. పాపకు మాట లేదు. ఏదైనా కావాలంటే తల నేలకేసి కొట్టుకునేది. ఏం కావాలో ఎవరికీ తెలిసేది కాదు. నుదుటి మీద ఒక బొప్పి తగ్గకముందే ఇంకొకటి లేచేది.

మంగమ్మ అప్పటికే కారణం కనిపెట్టేసింది. "తొలికాన్పు పుట్టింట్లో కదా మేడమ్. ఆడ బిడ్డకు వస పొయ్యలా. అందుకే మాట రాలా. మా ఇంట్లో సూడండి, అందరికీ నోరుండాది."

చివరి మాటకు సాక్ష్యం అక్కరలేదు. పసిబిడ్డకు మాట బాగా రావాలని అరగదీసి నాకించే వేరు వస. ఆ లోటు నాలుగేళ్లకు తీర్చబోయి ఆమె రోజూ వస తాగిస్తోంది, పాప రోజూ కక్కుతోంది. ఆపమన్నాను. వసకూ ఆటిజానికీ సంబంధం లేదని, ఇందులో వియ్యపురాలి తప్పేమీ లేదని చెప్పాను. వియ్యపురాలి తప్పు లేకపోవడం ఆమెకు బొత్తిగా నచ్చలేదు. నెలాఖరు దాకా చూసి, ఫలితం లేకపోతే రావడం మానేస్తామంది. రేవతి ముఖం పాలిపోయింది.

నేను మొదలుపెట్టింది బొమ్మల కార్డుల పద్ధతి. పిల్లకు ఇష్టమైన వస్తువు పట్టుకుని ఒకరు ఎదురుగా కూర్చుంటారు. ఇంకొకరు వెనక నుంచి పిల్ల చెయ్యి పట్టి, ఆ వస్తువు బొమ్మను ఎదుటివారి చేతిలో పెట్టిస్తారు. బొమ్మ అందగానే వస్తువు ఇచ్చేయాలి. ముఖ్యమైన నియమం, ఏం కావాలని అడగకూడదు. మనం అడిగినప్పుడే ఇవ్వడం అలవాటైతే, తనంతట తాను అడగడం రాదు.

పిండివంటల్లో హాసినికి నిప్పట్లంటే ప్రాణం. అవి చేసి పెట్టేది అవ్వే కాబట్టి ఎదురుగా మంగమ్మనే కూర్చోబెట్టాను. "ఏం కావాల నాయనా? నిప్పట్టా? అవ్వా అను, ఇస్తా. ఈడ సూడు, నన్ను సూడు..." ఊపిరి తీసుకునే సందు లేదు. పాప చెవులు మూసుకుని నేల మీదికి వంగేది. వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. మాట్లాడవద్దంటే, "మేం నోరు మూసుకుంటే బిడ్డకు మాటలు ఎట్లొస్తాయి మేడమ్?" అని నన్నే నిలదీసింది.

నెలాఖరు రానే వచ్చింది. నాకు ఓపిక అయిపోయింది. ఆమె రొంటిన ఆకువక్క సంచి కనబడి, "మంగమ్మా, ఆకు వేసుకో" అన్నాను. అక్కడ ఆకు నమలరాదని గోడ మీద బోర్డుంది. పెట్టించింది నేనే. ఆమె నమ్మలేక నన్నొకసారి చూసి, రెండాకులు మడిచి బుగ్గన పెట్టింది. ఉమ్మడానికి చోటు లేదు. కాసేపట్లో నోరు నిండింది. ఆ గదిలో ఫ్యాను శబ్దం నాకు వినపడింది ఆరోజే.

వెనక నుంచి రేవతి పాప చెయ్యి పట్టి కార్డు ఇప్పించింది. అలా కొన్నిసార్లు అయ్యాక, తల్లి చెయ్యి కదలకముందే పాప చెయ్యి కదిలింది. కార్డు తీసి అవ్వ అరచేతిలో పెట్టింది. మంగమ్మ నిప్పట్టు ఇచ్చి, ఏదో అనబోయి, రవికె మీద ఎర్రగా కార్చుకుంది. కళ్లలో నీళ్లు. రేవతి వెక్కివెక్కి ఏడ్చింది. నేను బోర్డు కనబడకుండా అడ్డం నిలబడ్డాను. వాళ్లు రావడం మానలేదు.

నేను రిటైరయ్యేనాటికి కూడా హాసినికి మాట రాలేదు. కావలసినవి కార్డులతో అడిగేది. నుదురు నున్నగా ఉండేది. 'వద్దు' అనే కార్డు మాత్రం ఎక్కువగా అవ్వకే ఇచ్చేది. మాటలు నేర్పుతానని ప్రభుత్వం నాకు జీతమిచ్చింది. సర్వీసంతా నేను చేసిన పని, మాటలొచ్చినవాళ్లను కాసేపు ఊరుకోబెట్టడం.